షోకేసులో పెట్టిన రాయి

ఈ నెల మా ఇంట్లో జరిగిన ఒక తప్పును గురించి వ్రాస్తున్నాము. తప్పు చేసినది పదేండ్ల పిల్లవాడు. దాన్ని ఆరు వారాలపాటు షోకేసులో పెట్టి, వచ్చినవారికల్లా చూపించి మురిసిపోయినది మాత్రం మేమిద్దరమే.

మొన్న సంక్రాంతి సెలవులలో మా సంఘపు సండే స్కూలు పిల్లలను బొర్రా గుహలకు తీసుకొని వెళ్ళాము. పిల్లలు ఇరవై ముగ్గురు, పెద్దలము ఏడుగురము. మాది కొత్తవలస దగ్గరి పల్లె గనుక కిరండోల్ రైలు కూత రోజూ వింటాము గాని, ఎక్కేది ఏడాదికి ఒకసారి కూడా లేదు. పులిహోర పొట్లాలు, మంచినీళ్ళ డబ్బాలు, ఇద్దరు ముగ్గురు పిల్లలకు వాంతుల మాత్రలు, అన్నీ సర్దుకొని ఎక్కాము. శృంగవరపుకోట, బొడ్డవర దాటి శివలింగపురం చేరేసరికి బండి మెల్లగా కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. అక్కడ నుండి సొరంగము వెనుక సొరంగము. చీకటి పడగానే పిల్లలందరూ ఒక్కసారిగా కేకలు, వెలుగు రాగానే నవ్వులు. మా అయ్యగారు రెండు మూడు సొరంగాల వరకు వారించి, తరువాత ఆయనా వాళ్ళతో కలిశారు.

ఈ రైలుమార్గం మన విహారము కొరకు వేసినది కాదు. బైలదిల్లా కొండలలోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపానుకు పంపడానికి 1960వ దశకంలో వేశారు. రాయిని కొండ దింపడానికే ఈ దారి. ఆ రోజు ఆ సంగతి మాకు తట్టలేదు.

బొర్రా గుహలు అనంతగిరి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. 2022 ఏప్రిల్ నుండి ఈ ప్రాంతమంతా అల్లూరి సీతారామరాజు జిల్లా. నోరు తెరిచిన కొండలోకి మెట్లు దిగుతూ పోతే, పైకప్పు నుండి వ్రేలాడే రాళ్ళు, నేల నుండి లేచిన రాళ్ళు, కొన్నిచోట్ల రెండూ కలిసి స్తంభములైనవి కనిపిస్తాయి. గైడు రంగుదీపాల వెలుగులో వేలు చూపి పేర్లు చెప్పాడు. ఇది తల్లీబిడ్డ, ఇది ఋషి గడ్డము, ఇది మొసలి, ఇది మనిషి మెదడు. శివలింగము వంటి రాయి ఒకటి ఉంది. పైకప్పు రంధ్రములో నుండి ఆవు ఒకటి లోపల పడిందని, దాన్ని వెదుకుతూ వచ్చిన పశువుల కాపరి ఈ గుహను కనుగొన్నాడని కొండవారు చెప్పుకుంటారు. ఇక్కడ పుట్టే నదికి గోస్తనీ అని పేరు. ఆ నీరే తాటిపూడి జలాశయములో నిలిచి విశాఖకు మంచినీరై, మిగిలినది భీమునిపట్నం దగ్గర సముద్రములో కలుస్తుంది.

ఈ రాళ్ళు ఎలా వచ్చాయని ఒక పాప అడిగితే, గైడు చెప్పినది పిల్లలకు అంతగా అర్థము కాలేదు. మా ఇంటావిడ చెప్పినది అర్థమయింది. "మన ఉప్పునీటి బావి నీళ్ళు కాచే కాగు అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది గదా, అదే ఇది" అన్నది. నిజమే. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెము పులుపెక్కుతుంది. సున్నపురాతి సందులలో దిగుతూ ఆ రాయిని కరిగించుకుంటుంది. గుహ కప్పు చేరి బొట్టుగా నిలిచినప్పుడు ఆ వాయువు విడిపోయి, కరిగిన సున్నము పిసరంత పేరుకొంటుంది. ఆ పిసరు మీద ఇంకొక పిసరు. ఇటువంటి రాళ్ళు సగటున ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరుగుతాయని శాస్త్రజ్ఞుల లెక్క. నీరు ఎక్కువ తక్కువలను బట్టి ఆ లెక్క మారుతుంది.

"చేత్తో తాకవద్దు" అని గైడు రెండుసార్లు చెప్పాడు. మన చేతి జిడ్డు అంటితే ఆ చోట సున్నము సరిగా పట్టదు, రాయి నల్లబడుతుంది. మాతో వచ్చిన పెద్దలలో ఆ మాట పాటించినవారు ఎందరు? ఫోటో కొరకు ఒక స్తంభమును ఆనుకొని నిలుచున్నవారిలో మేమూ ఉన్నాము.

ఇంటికి వచ్చిన రెండవ రోజు బట్టలు నానబెడుతుంటే మా మనవడి లాగు జేబులో రాయి దొరికింది. రెండు అంగుళాల పొడవు, చూపుడువేలంత లావు. "క్రింద దొరికింది మామ్మా" అన్నాడు. ఒక కొస మొద్దుబారి, తేనెరంగులో ఉంది. రెండవ కొస మాత్రము తెల్లగా, కొత్తగా, చెట్టు మొదలు కోసినట్టు వలయములతో, నడుమ సూదిబెజ్జము వంటి రంధ్రముతో ఉంది. నేల మీద పడి ఉన్నదైతే ఆ కొసకు మట్టి పట్టదా? మా ఇంటావిడ మా ముఖము చూసింది. మేము ఆమె ముఖము చూశాము. ఇద్దరమూ ఏమీ అనలేదు. రాయి నిజంగా అందంగా ఉంది మరి. కడిగి, తుడిచి, షోకేసులో పెండ్లి ఫోటో ప్రక్కన పెట్టాము. "బొర్రా నుండి తెచ్చాడు మావాడు" అని వచ్చిన చుట్టాలకు చూపించాము. చూసినవారిలో ఒక్కరూ "ఎందుకు తెచ్చాడు?" అనలేదు. "మాకు దొరకలేదే" అన్నవారు ఇద్దరు.

మా చిన్నబ్బాయి అమెరికాలో అరిజోనా రాష్ట్రములో ఉద్యోగము చేస్తున్నాడు. ఒక ఆదివారము ఫోనులో తాను చూసి వచ్చిన ఎడారి పార్కు ఫోటోలు పంపాడు. కనుచూపు మేర చెట్టన్నది లేని నేల. ఎరుపు, బూడిద, ఊదా చారలతో గుట్టలు. ఆ నేల మీద నరికి పడవేసినట్టు చెట్ల దుంగలు. బెరడు, గణుపులు అన్నీ చెట్టువే, గాని మొత్తము రాయి. దాని పేరు పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కు. 1906లో అధ్యక్షుడు థియోడోర్ రూజ్వెల్ట్ దాన్ని రక్షిత స్థలముగా ప్రకటించాడు. 1962లో నేషనల్ పార్కు అయింది. ఇరవై కోట్ల సంవత్సరాలకు పూర్వము అక్కడ నదులు, పెద్ద చెట్లు ఉండేవట. వరదలో కూలిన మానులు ఒండ్రు క్రింద, గాలి తగలని చోట పూడిపోతే కుళ్ళలేదు. అగ్నిపర్వతాల బూడిదలోని సిలికాను కరిగించుకున్న నీరు వాటిలోకి ఇంకి, చెక్కలోని సందుసందునా స్ఫటికమై కూర్చుంది. ఇనుము కలిసినచోట ఎరుపు, పసుపు. మాంగనీసు కలిసినచోట నలుపు. కోట్ల సంవత్సరాల మాట వింటే మన పెద్దలలో కొందరికి ఇబ్బందిగా ఉంటుందని మాకు తెలుసు. శిలలను చదువుకున్నవారి లెక్క అది. కీర్తన పాడే నోటితోనే దానికి ఆశ్చర్యపడడములో మాకు తప్పు కనిపించలేదు.

ఇటువంటి రాతి మానులు మన దేశములోనూ ఉన్నాయి. రాజస్థాన్ ఎడారిలో జైసల్మేరుకు సుమారు 17 కిలోమీటర్ల దూరములో ఆకల్ అనే చోట 18 కోట్ల సంవత్సరాల నాటి దుంగలు ఉన్నాయి. తమిళనాడులో విల్లుపురం జిల్లా తిరువక్కరైలో ఒక పార్కు ఉంది. మనకు దగ్గరగా, ప్రాణహిత గోదావరిలో కలిసేచోట, తెలుగు మాట్లాడే సిరొంచ ప్రాంతములోనూ దొరికాయి. అక్కడ సిలికా, బొర్రాలో సున్నము. పనివాడు మాత్రము రెండు చోట్లా నీరే.

ఫోటోలు చూపిస్తూ చిన్నబ్బాయి ఇంకొక సంగతి చెప్పాడు. ఆ పార్కుకు వచ్చేవారు గుప్పెడంత ముక్కను జేబులో వేసుకొని పోవడము ఎప్పటి నుండో ఉన్నదట. చట్టప్రకారము అది నేరము. కావలసినవారికి పార్కు బయట, సొంత భూములలో త్రవ్వినవి కొనుక్కునే వీలుంది. అయినా జేబులో వేసుకుంటారు. అలా తీసుకొని పోయినవారిలో కొందరు, ఏడాదికో ఇరవై ఏండ్లకో, ఆ ముక్కను పోస్టులో తిరిగి పంపుతారు. దానితోపాటు ఉత్తరము. 1930వ దశకము నుండి ఇటువంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయట. చిన్నప్పుడు తీశానని కొందరు. రాయి ఇంటికి వచ్చినప్పటి నుండి జబ్బులు, ఉద్యోగము పోవడము, కాపురము చెడడము, అన్నీ దానివల్లనే అని ఎక్కువమంది. ఈ రెండవ రకపు ఉత్తరాలు మాకు అంతగా నచ్చలేదు. రాతికి శాపము ఉందని భయపడి పంపడము వేరు, నాది కానిది నా దగ్గర ఉన్నదని పంపడము వేరు. అయితే రాయి మాత్రము రెండు విధాలా తిరిగి వచ్చింది కదా అని మా ఇంటావిడ అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

విచిత్రమేమంటే, తిరిగి వచ్చిన ముక్కలను పార్కువారు ఎడారిలో మళ్ళీ పరచరు. ఏ గుట్ట మీద నుండి, ఏ పొర నుండి తీశారో తెలియదు. తోచినచోట పెడితే రేపు వచ్చే పరిశోధకుడిని తప్పుదారి పట్టించినట్టు అవుతుంది. అందుకని ఒక దారి ప్రక్కన కుప్పగా పోస్తారు. దానికి మనస్సాక్షి కుప్ప అని పేరు పడింది.

ఇంకొకటి కూడా చెప్పాడు. ఇది తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తప్పక వినవలసినది. రాబర్ట్ సియాల్డిని అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన తోటివారితో కలిసి ఆ పార్కులో ఒక పరీక్ష చేసి 2003లో ప్రకటించాడు. గుర్తు పెట్టిన ముక్కలను దారుల వెంట ఉంచి, రెండు రకాల బోర్డులు మార్చి మార్చి పెట్టారు. ఒక బోర్డులో, ఇదివరకు వచ్చిన చాలామంది ముక్కలు తీసుకొని పోయి పార్కును పాడు చేశారని వ్రాశారు. ఇంకొక బోర్డులో, దయచేసి తీయవద్దని మాత్రము వ్రాశారు. రెండవ బోర్డు ఉన్నప్పుడు పోయినవి నూటికి రెండు కూడా లేవు. చాలామంది తీశారని చెప్పిన బోర్డు ఉన్నప్పుడు నూటికి సుమారు ఎనిమిది పోయాయి. దొంగతనము ఎక్కువైపోయిందని మొత్తుకుంటే అది తగ్గకపోగా పెరిగింది! "ఈ కాలపు పిల్లలందరూ ఇంతే" అని మనము అరుగుల మీద కూర్చొని రోజూ అనే మాట ఏ బోర్డు వంటిదో ఆలోచించండి.

ఫోను పెట్టిన తరువాత షోకేసు వైపు చూడడానికి మాకు మనసు ఒప్పలేదు. అయినా రాయిని అక్కడి నుండి తీయలేదు. ఆ వారములోనే మా బావమరిది వచ్చాడు. ఆయనకు సంగతి చెబితే కొట్టి పడవేశాడు. "బావా, ఆ కొండల్లో లారీలు లారీలు తోలుకుపోయినప్పుడు లేనిది, పిల్లాడి జేబులో వేలెడు రాయికి వచ్చిందా?" అన్నాడు.

మాట పదునుగానే ఉంది. లారీల సంగతి అబద్ధము కాదు. అయితే ఆ కథ ఆయన చెప్పినంతలో ముగియలేదు. బొర్రా రిజర్వు అడవి, దాని చుట్టూ ఉన్న 14 గ్రామములు షెడ్యూల్డు ప్రాంతము. అక్కడి నేలను గిరిజనేతరులకు బదిలీ చేయకూడదని 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ చెబుతున్నాయి. అయినా ప్రభుత్వము తన భూమి అంటూ గనుల లీజులు ఇచ్చింది. గిరిజనుల పక్షాన సమత అనే సంస్థ కోర్టుకు వెళ్ళింది. హైకోర్టులో గెలవలేదు. సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరి మాట ప్రకారము, ఆ నిబంధనలోని వ్యక్తి అన్న మాటలో ప్రభుత్వము కూడా చేరుతుంది. కాబట్టి షెడ్యూల్డు ప్రాంతములో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు గనులవారికి లీజుకు ఇవ్వడము చెల్లదు. గిరిజనుల సహకార సంఘములు, ప్రభుత్వ సంస్థ త్రవ్వుకోవచ్చు. దేశములోని కొండ ప్రాంతాలవారందరూ నేటికీ చెప్పుకునే సమత తీర్పు ఇదే. అది పుట్టినది మనము పులిహోర పొట్లాలు విప్పుకొని తిన్న ఆ కొండల మీద.

ఇదంతా బావమరిదికి చెబుతుంటే గుమ్మము దగ్గర మనవడు నిలబడి విన్నాడు. ఆయన వెళ్ళిన తరువాత వచ్చి అడిగాడు. "తాతా, దీపావళి ముందు మన చెరువు క్రింది చేనులో గట్టురాయి అడుగు జరిపారని మీరు పెద్దలను పిలిచారు గదా. ఆ తాత, అడుగే గదా అన్నారు. అడుగైనా అంగుళమైనా ఒకటే అని మీరన్నారు." అంతే అన్నాడు. కొంతసేపటికి, అడగకుండానే, "అది క్రింద దొరకలేదు తాతా. నేనే విరిచాను" అన్నాడు.

అప్పుడు మా ఇంటావిడ షోకేసు తలుపు తీసింది.

ఆ సాయంత్రము వాడు పలక తీసుకొని లెక్క వేశాడు. రెండు అంగుళాలంటే సుమారు 50 మిల్లీమీటర్లు. ఏడాదికి పదోవంతు చొప్పున 500 ఏండ్లు. అంటే ఈ ముక్క కట్టడము మొదలయిన నాటికి ఏమి జరుగుతున్నదని అడిగాడు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో 1516లో మన సింహాచలము వచ్చి శాసనము వేయించాడు. ఆ మరుసటి సంవత్సరమే, 1517లో, మార్టిన్ లూథరు విట్టెన్బర్గులో తన 95 వాదములను వెల్లడించాడు. ఆ రోజుల నుండి బొట్టు బొట్టుగా కట్టినదాన్ని విరవడానికి ఎంతసేపు పట్టిందిరా అని అడిగితే, "ఒక్క చిటికె" అన్నాడు. వాడి కండ్లు నిండాయి. మేము ఇక పొడిగించలేదు.

పోస్టులో పంపుదామా అనుకున్నాము. ఎవరి పేర పంపాలి? మార్చిలో ఒక శనివారము ముగ్గురమూ మళ్ళీ రైలెక్కాము. లోయలలో మోదుగలు ఎర్రగా పూచి ఉన్నాయి. రాయి రుమాలులో చుట్టి వాడి చేతిలోనే ఉంది. సొరంగాలలో వేరే పిల్లలు కేకలు వేశారు. వీడు వేయలేదు.

టిక్కెట్లు తీసుకొని లోపలికి వెళ్ళి, కాపలా ఉన్న మనిషికి సంగతి చెప్పాము. నడివయసు మనిషి, ఆ కొండ ఊరి వాడే. కేకలు వేస్తాడేమో, జరిమానా అంటాడేమో అని మేము డబ్బు కూడా సిద్ధము చేసుకున్నాము. ఆయన రుమాలు విప్పి రాయిని వెలుగులో అటూ ఇటూ త్రిప్పాడు. "ఏటి బాబూ, ఎక్కడ ఇరిసినావు?" అన్నాడు. వాడు ముందు నడిచాడు. తల్లీబిడ్డ రాయి దాటి, మెట్లు ఎక్కి, దిగి, ఒక మూలన ఆగి, ఇక్కడే అన్నాడు. టార్చి వేసి చూస్తే అక్కడ విరిగిన కొసలు ఒకటి కాదు, పదిహేను ఇరవై ఉన్నాయి. కొన్ని పాతబడి నల్లబారినవి, కొన్ని తెల్లగా ఉన్నవి. వాడు ఒక్కొక్కదానికి రాయిని ప్రక్కన పట్టి చూశాడు. ఏదీ సరిపోలేదు. ఏది తనదో వాడికి తెలియలేదు.

ఒక తెల్లని కొసకు నీటిబొట్టు వ్రేలాడుతూ ఉంది. ఆయన దాని మీద టార్చి నిలిపి, "మళ్ళా కడతాది బాబూ. అది సూడ్డానికి నువ్వుండవు, నానుండను" అన్నాడు. కోపము లేదు, నవ్వూ లేదు. తరువాత జనము నడిచే దారి వదిలి కటకటా దాటి వెళ్ళి, పైనుండి బొట్లు పడుతున్న ఒక గట్టు మీద ఆ రాయిని పెట్టి వచ్చాడు. అది తడిసి మెరవడము మాకు ఇవతలి నుండి కనిపించింది. ఎంతమంది ఇలా తెచ్చి ఇస్తారని అడిగాము. ఆయన రెండు చేతుల వ్రేళ్ళు చూసుకొని, ఒక చేయి దించేశాడు.

వచ్చే సెలవులకు మా పొరుగు సంఘపు పిల్లలు కూడా మాతో బొర్రాకు వస్తామంటున్నారు. గుహ నుండి బయటకు వచ్చేచోట అందరి జేబులు చూసే పని మా మనవడు తానే అడిగి తీసుకున్నాడు. మొదట చూసేది తాత జేబేనట.